ఉలవగుట్ట మొండయ్య స్వామికి ఆ పేరు వచ్చిన కథ

ఉలవగుట్ట ఎక్కే భక్తులకు సగం దారిలో, ఏటవాలు బండ మీద పడుకున్నట్టున్న పెద్ద రాతి స్తంభం కనబడుతుంది. ఆయనే మొండయ్య స్వామి. దేవుడికి ఇంత మోటు పేరేమిటని అడిగేవారికి పెద్దలు ఈ కథ చెబుతారు.

పూర్వం ఇక్కడ గుట్టపైన శివాలయ మండపం కడుతున్నప్పుడు, రాళ్లు లాగించే పని సుంకన్న అనే వడ్డెర మేస్త్రిది. శివరాత్రికల్లా మండపం నిలవాలి. చివరి స్తంభం సగం దారి దాకా బాగానే వచ్చింది. అక్కడ కూలీలు దమ్ము తీసుకోవడానికి ఆగారు. అంతే, మళ్లీ అది కదలలేదు. మోకులు బిగించి లాగారు. గడ్డపారలతో ఎగదోశారు. పక్క పల్లెల వాళ్లనూ పిలిపించారు. ఒక్కడు తోసినా ఊరంతా తోసినా దానికి ఒకటే. అరచేతులు బొబ్బలెక్కి, ప్రాణం విసిగిన సుంకన్న "ఓరి మొండయ్యా, నీకేం ద్రోహం చేసినానురా?" అని రాతిని తన్నాడు. కాలు నొప్పెట్టి మరింత తిట్టాడు.

ఆ మధ్యాహ్నం రాతి నీడన కునుకు పట్టగా కలలో ఒక గొంతు వినిపించింది. "నువ్వెంత తోస్తే నేనంత ఆనుకుంటున్నాను. అంతకు మించి నీకేం చేశాను?"

కలలోనూ ఈ పోరు తప్పలేదని సుంకన్న చిరాకుపడి లేచాడు. రాతి కింద పోసి పైకి జారేలా చేద్దామని, నూనె తెమ్మని గుట్ట కింద గుడిసెలో ఉన్న భార్య ఈరమ్మకు కబురంపాడు.

ఆమె కుండ నెత్తిన పెట్టుకుని సరిగ్గా రాతికి దిగువనే ఎక్కి వస్తుండగా, పైన మోకులన్నీ ఒక్కసారిగా తెగాయి. కూలీలు కళ్లు మూసుకున్నారు. రాయి మాత్రం వడ్లగింజంత కూడా జారలేదు.

ఏం జరిగిందో తెలియని ఈరమ్మ ఆయాసపడుతూ వచ్చి, "యాడ పోయమంటావు?" అని అడిగింది.

"పోయొద్దు. ఎనక్కి తీస్కపో" అన్నాడు సుంకన్న. వాగులోని పొడి ఇసుకను తలగుడ్డలో మూటగట్టి తెచ్చి, రాతికి ఇంకా పట్టు దొరికేలా దాని కింద తన చేత్తో కూరాడు. మండపానికి వేరే స్తంభం చెక్కించాడు.

నేటికీ స్వామికి పిడికెడు ఇసుకే నైవేద్యం. నూనె తేవద్దని బోర్డు పెట్టినా, మైకులో చెప్పినా, భక్తులు సీసాలతో వస్తూనే ఉన్నారు. అర్చకులు విసుక్కుంటూ వాటిని మెట్ల దగ్గరే తీసుకుంటారు. ఘాట్‌రోడ్డు లారీ డ్రైవర్లు ఇక్కడి ఇసుకను మూటగట్టి బండిలో ఉంచుకుంటారు. ఎత్తులో ఆగిన బండిని స్వామి వెనక్కి జారనివ్వడని వారి నమ్మకం. మొక్కేముందు స్వామిని రెండు చేతులా ఒకసారి తోయాలి. విసుగొస్తే తిట్టుకోవచ్చు, తప్పు లేదు.