నువ్వుల పథ్యం

నజీరుకు ఆ రోజు కోపం నషాళానికంటింది.

హకీం దాదాపీరు సాహెబు దగ్గర వైద్యం నేర్చుకుంటున్న శిష్యుల్లో వాడంత చురుకైనవాడు లేడని ఊరంతా అనేది. వాడూ కాదనేవాడు కాదు. చురుకైనవాళ్ళకు వచ్చే జబ్బు వాడికీ ఉండేది. తను చెప్పింది జరగకపోతే తప్పు ఎదుటివాళ్ళదే అనుకునేవాడు.

గానుగ ఇంటి ఓబుళమ్మ కొడుకును మొదటిసారి ఎత్తుకొచ్చినప్పుడు బిడ్డకు విడవని దగ్గు. దానికి తోడు ఒంటి మీద దద్దుర్లు. ఏం తిన్నప్పుడు లేస్తున్నాయో నజీరే గుచ్చి గుచ్చి అడిగి, నువ్వులు ఆ పిల్లవాడికి పడవని పట్టుకున్నాడు. సాహెబు సంతోషంగా వాడి భుజం తట్టాడు. నువ్వులుగానీ నువ్వులనూనెగానీ బిడ్డ నోటికి తగలకూడదని పథ్యం చెప్పి, దగ్గుకు తనే మాత్రలు చుట్టి ఇచ్చాడు నజీరు.

ఇప్పుడా బిడ్డ పెదవులు వాచి, ఒళ్ళంతా దద్దుర్లతో మళ్ళీ దవాఖానా గడపలో ఉన్నాడు.

"గానుగ ఇల్లు గదా, నోరు కట్టుకోవడం కష్టమే," అన్నాడు నజీరు, అరుగు మీది రోగులందరూ వినేట్టు. "బిడ్డ మీద ప్రేమ ఉన్న తల్లి పథ్యం తప్పిస్తుందా?"

ఓబుళమ్మ తల వంచుకునే జవాబు చెప్పింది. "గానుగ కాడుంటే ఏడ తగుల్తాదోనని బిడ్డనెత్తుకోని మా అక్క ఇంటికి పోయినా సామీ. మాత్ర మింగినాకనే లేస్తాండాయి."

"బాగుంది. తప్పు నువ్వు చేసి మందు మీదికి తోస్తున్నావా?"

వెంట వచ్చిన అత్తకు ఆ మాట చాలింది. "ఇంగ బిడ్డను నాకిచ్చెయ్. నీకు చాతగాదు. మన ఇంట్లో నేను సాక్కుంటా," అంది. ఓబుళమ్మ బిడ్డను ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నజీరు విసురుగా లోపలికి వెళ్ళాడు. "హజ్రత్, రోగం పట్టుకోవడం నేర్పారు. వీళ్ళ చేత పథ్యం చేయించడం ఎట్లాగో నేర్పలేదు."

సాహెబు లేచి వెళ్ళి ముందు బిడ్డ నోరు తెరిపించి చూశాడు. ఊపిరి సాఫీగా ఆడుతోందని తేలాక తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, తల్లిని నీడలో కూర్చోమన్నాడు. తర్వాత తిరిగొచ్చి అడిగాడు.

"మాత్ర మింగాకే లేస్తున్నాయంది కదా. మాత్రలో ఏముంది?"

"అతిమధురం, పిప్పళ్ళు, అడ్డసరం. నువ్వుల పేరే లేదు హజ్రత్. మీకు తెలియనిదా?"

"ఒకటి చుట్టు. చూద్దాం."

నజీరు నొచ్చుకున్నాడు. మొదటి ఏడాది శిష్యులకు చెప్పే పని అది. అయినా కల్వం ముందుకు లాక్కుని కూర్చున్నాడు. పొడులు వేసి, నీళ్ళు చిలకరించి, మెత్తగా నూరి ముద్ద చేశాడు. ముద్ద చేతికి అంటుకోకుండా, ఎప్పటిలాగే, మోకాలి పక్కనున్న గిన్నెలో వేళ్ళు ముంచి రెండు అరచేతులూ రుద్దుకున్నాడు.

అంతే, చేతులు అట్లాగే ఆగిపోయాయి.

గిన్నెలో ఉన్నది నువ్వులనూనె. ఆ దవాఖానాలో మాత్ర చుట్టే ప్రతివాడూ చేసే పని అదే. అలవాటైపోయిన పని కాబట్టి అది మందులో కలుస్తోందని వాడికి ఏనాడూ తోచలేదు.

సాహెబు అరుగు మీదికి వెళ్ళి, ఓబుళమ్మ అత్త ముందు నిలబడి, అందరూ వినేట్టు చెప్పాడు. "అమ్మా, నీ కోడలు పథ్యం తప్పలేదు. నువ్వులనూనె నా మాత్రలోనే ఉంది. తప్పు నాది. బిడ్డ ఈమె చేతిలోనే ఉండనీ. మేము చూడనిది ఈమె చూసింది."

ముసలామె కోడలి పక్కన కూర్చుని బిడ్డ కాళ్ళు తన ఒళ్ళోకి తీసుకుంది.

నజీరు వెనకే వచ్చి అంతా విన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. అంత పెద్దాయన అంత తేలిగ్గా తప్పు నెత్తిన వేసుకోవడం వాడు ఎక్కడా చూడలేదు.

"అమ్మా, నన్ను క్షమించు," అన్నాడు ఓబుళమ్మతో. తర్వాత పెరట్లోకి గురువు వెంట నడిచాడు. "మాత్రలు చుట్టింది నేను. మీ తప్పన్నారేం హజ్రత్?"

"చేతికి నూనె రాసుకోమని నీకు నేర్పిందెవరు?"

సాహెబు బావి గట్టు మీద కూర్చుని కుంకుడుకాయలతో చేతులు రుద్దుకుంటున్నాడు. ఎన్నో ఏళ్ళుగా మాత్రలు చుట్టిన చేతులవి. కడిగి, పిల్లవాడిలా ముందుకు చాపాడు.

"వాసన చూడు. పోయిందా?"

నజీరు వంగి చూశాడు. "ఇంకా ఉంది, హజ్రత్."

సాహెబు మరో గుప్పెడు కుంకుడుకాయలు తీసుకున్నాడు.

"కల్వం కూడా పట్రా. ఆ తల్లి తన పథ్యం చేసింది. ఇక మనం చేద్దాం."