మారన్నం వద్దన్న నూకరాజు

అనగనగా ఒక కోట. ఊరు కాదే లల్లీ, కోటే. ప్రతిసారీ ఊరేనా? ఇవాళ కోట. ఒరే పండూ, కాళ్ళు చెల్లి మీద వెయ్యకు. నా గొంతు ఇవాళ కాస్త గట్టిగా ఉంటుంది, భయపడకండి. కోపం మీ మీద కాదు. అటు గోడవైపు తిరిగి పడుకున్నారే మీ తాత, ఆయన మీద అంతకన్నా కాదు. ఎవరి మీదో వింటే మీకే తెలుస్తుంది. ఊ కొట్టండి మరి.

ఆ కోటకి ఒకటే తలుపు. ఏనుగెక్కి లోపలికి వెళ్ళచ్చు, అంత ఎత్తు. దానికి కావలి నూకరాజు. సాయంత్రం నగారా మోగిందంటే తలుపు మూసి, గడియ వేసి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకునేవాడు. మళ్ళీ పొద్దున్న నగారా మోగేదాకా తీసేది లేదు. మంత్రి వచ్చినా తీసేది లేదు, సేనాపతి వచ్చినా తీసేది లేదు, రాజుగారే వచ్చినా తీసేది లేదు. ఇదేం నూకరాజు పెట్టింది కాదు, రాజుగారి తాతల నాటి కట్టడి. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే రాత్రికి తలుపు దగ్గర వాళ్ళ మాటే చెల్లుతుంది.

ఎంత నిక్కచ్చి మనిషంటే, కొడుకు పెళ్ళికి కూడా వెళ్ళలేదు మహానుభావుడు, తలుపు ఎవరు మూస్తారని. ఆ పెళ్ళివారి బండికి దారిలో ఇరుసు విరిగింది. కొత్త కోడల్ని తీసుకుని కోట దగ్గరికి వచ్చేసరికి నగారా కాస్తా మోగిపోయింది. నాన్నా, మేమే, అని కొడుకు తలుపు బాదాడు. మీరేనని తెలుసు, పొద్దున్న రండి అన్నాడు లోపల్నించి. ఆ కొత్త కోడలు గవరమ్మ, పట్టుచీరతో, నుదుట బాసికంతో, తెల్లార్లూ దోమల్ని కొట్టుకుంటూ బయట కూర్చుంది పాపం. పొద్దున్న తలుపు తీస్తే మావగారు హారతి పళ్ళెం పట్టుకుని నించున్నాడు. అత్తగారు లేదుగా, ఆయనే పట్టుకున్నాడు. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆయన కూడా తలుపుకి ఇవతల తెల్లార్లూ కూర్చునే ఉన్నాడన్నమాట. గవరమ్మకి కోపం పోవడానికి చాన్నాళ్ళు పట్టింది గానీ, ఆ కట్టడి మాత్రం బుర్రలో ఉండిపోయింది. మీరూ గుర్తుపెట్టుకోండి, పని పడుతుంది.

అలా చేసి చేసి నూకరాజు ముసలాడైపోయాడు. ఇంక చాల్లే, కూర్చో అన్నారు. శాలువా కప్పారు, మెళ్ళో దండ వేశారు, చేతిలో కొబ్బరికాయ పెట్టారు. నువ్వు బతికున్నన్నాళ్ళూ నెలకో బస్తా బియ్యం మా కొఠారు నుంచి ఇస్తాం అని రాజుగారు అందరి ముందూ మాటిచ్చారు. కొఠారంటే రాజుగారి ధాన్యపు కొట్టు. ఇచ్చేదాన్ని భరణం అనేవారు. ఇప్పుడు పింఛనంటున్నాం చూడు, అదే. నూకరాజు తాళంచెవి విప్పి ఇవ్వబోతే, కొఠారు పెత్తందారు భద్రయ్య, కొత్త కావలివాణ్ణి వేసేదాకా నీ దగ్గరే ఉంచు, రేపో మాపో అడుగుతాం అన్నాడు. ఆ రేపూ రాలేదు, ఆ మాపూ రాలేదు. ఈలోగా తలుపు దగ్గర తన బావమరిదికి ఓ కర్ర ఇచ్చి కూర్చోబెట్టాడు. వాడు నగారా మోగకముందే గురక. తలుపు బార్లా. మేకలు కూడా అడక్కుండా వచ్చిపోయేవి.

నెల తిరిగింది. బస్తా రాలేదు. నూకరాజు కొఠారుకి వెళ్ళాడు. భద్రయ్యగారూ, నా భరణం అంటే, ముద్ర పడలేదు అన్నాడు. ముద్ర వేసేవాడి దగ్గరికి వెళ్తే, రాతగాడు రాయలేదు అన్నాడు. రాతగాడి దగ్గరికి వెళ్తే, కొత్త కావలివాడు రాలేదు అన్నాడు. వాడెందుకు రాలేదయ్యా అంటే, తాళంచెవి జమ కాలేదు అన్నాడు. ఇదిగో తాళంచెవి, జమ చేసుకోండి బాబూ అంటే, అది భద్రయ్యగారు చెయ్యాలి అన్నాడు. భద్రయ్య దగ్గరికి వెళ్తే?

ఆ, ముద్ర పడలేదు! బాగా చెప్పావురా పండూ. మళ్ళీ నెల వెళ్తే? ముద్ర పడలేదు, రాతగాడు రాయలేదు, కావలివాడు రాలేదు, తాళంచెవి జమ కాలేదు. నవ్వుతారేంట్రా? వినేవాళ్ళకి నవ్వు, తిరిగేవాడికి కాళ్ళు. ఆ ఎండలో, ఆ మెట్ల మీద, అరిగిన చెప్పులతో. కూర్చోమని ఒక్కడు అనడు. మంచినీళ్ళు కావాలా అని ఒక్కడు అడగడు. వాళ్ళ మొహాలు మండా, వాళ్ళకి మాత్రం ముసలితనం రాదా?

సరే, నా సంగతి కాదు, కథ. ఊ కొట్టండి.

నూకరాజు కొడుకు రాజుగారి గుర్రాలకి గడ్డి కోసేవాడు. వాడు తెచ్చేది ఆ ఇంటికి బొటాబొటిగా సరిపోయేది. నూకరాజు మంచి తిండిమనిషి. పప్పులో ఓసారి, పులుసులో ఓసారి, మజ్జిగలో ఓసారి, మూడుసార్లూ కంచం ముందుకి జరిపి, అమ్మా మారు వడ్డించు అనేవాడు. భరణం రాకపోయేసరికి మెల్లిగా పులుసు దగ్గర మానేశాడు. తర్వాత మజ్జిగ దగ్గర మానేశాడు. తర్వాత అసలు మారన్నమే మానేశాడు. గవరమ్మ గరిటెతో వంగితే చాలు, కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, ఆకలి లేదమ్మా, వయసు మళ్ళింది అనేవాడు.

వయసు మళ్ళిందిట! నిన్నటిదాకా లేని వయసు ఇవాళ మళ్ళిందా? గవరమ్మ కళ్ళున్న మనిషి. ఓనాడు ఆయన పెరట్లో కూర్చుని చిన్న మనవరాలు వదిలేసిన మాడుపెచ్చు తింటుంటే కిటికీలోంచి చూసింది. వంటింట్లోకి వచ్చి గోడకి తల ఆనించి ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, కొంగు దోపుకుని, నడువు మావయ్యా అని ఆయన్ని వెంటబెట్టుకుని కొఠారుకి బయల్దేరింది.

భద్రయ్య అప్పుడే భోంచేసి తాంబూలం వేసుకుంటున్నాడు. చుట్టూ బియ్యం కోసం వచ్చిన జనం. గవరమ్మ వినయంగా దణ్ణం పెట్టి ఒక్కటే అడిగింది. మా మావయ్య కొలువులో ఉన్నట్టా, మానేసినట్టా అని. భద్రయ్యకి చిరాకేసింది. తాళంచెవి మీ ఇంట్లో ఉందా లేదా అన్నాడు. ఉంది అంది. తాళంచెవి ఉన్నవాడు కావలివాడు, కొలువులో ఉన్నవాడికి భరణం ఏమిటే పిచ్చిదానా అన్నాడు. అయితే జీతం ఇప్పించండి అంది. శాలువా కప్పించుకున్నవాడికి జీతమేమిటే అన్నాడు. విన్నారా? జీతం అడిగితే మానేశాడు, భరణం అడిగితే మానలేదు! వాడి నోట్లో మన్ను పొయ్య!

గవరమ్మ గొడవపడలేదు. అయ్యగారి మాట అందరూ విన్నారుగా, మా మావయ్య ఇంకా కావలివాడేనట అంది. విన్నాం అన్నారు జనం. ఆ ముక్క చాలు అనుకుని ఇంటికి వచ్చి, ఆముదం గిన్నె మావగారి ముందు పెట్టి, తాళంచెవికి తుప్పు పట్టుంటుంది, రాయి మావయ్యా, సాయంత్రం కొలువుకి వెళ్ళాలి అంది. ఆయన తెల్లబోయాడు. నాకెందుకమ్మా అన్నాడు. పెత్తందారుగారి మాట కాదంటావా అంది.

సాయంత్రం నగారా మోగింది. నూకరాజు ఆ భద్రయ్య బావమరిదిని కర్రతో సహా పక్కకి జరిపి, తలుపు తోసి, గడియ వేసి, తాళం వేశాడు. ఎన్నాళ్ళకో ఆ తలుపు కిర్రుమంటే కోటలో జనమంతా వీధుల్లోకి వచ్చి చూశారుట.

భద్రయ్యకి రోజూ పొద్దువాలితే బయట మామిడితోటకి వెళ్ళి, చల్లగాలికి పడుకుని, తీరిగ్గా పల్లకీలో తిరిగి రావడం అలవాటు. వచ్చాడు. తలుపు మూసుంది. ఎవడ్రా అని కేకేశాడు. కావలివాణ్ణండీ, పొద్దున్న రండి అన్నాడు నూకరాజు. భద్రయ్య తిట్టాడు, బెదిరించాడు, చివరికి బతిమాలాడు. ఇంతలో గుర్రం చప్పుడు. ఎవరనుకున్నారు? రాజుగారే. వేటకెళ్ళి దారి తప్పి, అలిసిపోయి, ఆకలితో నకనకలాడుతూ వచ్చారు. ఆ గొంతు వినగానే నూకరాజు గబుక్కున లేచాడు. తాళంచెవి మొలతాడు నుంచి విప్పబోయాడు. గవరమ్మ వచ్చి గడియకి వీపు ఆనించి కూర్చుంది. కన్నకొడుక్కి తియ్యలేదు నువ్వు, నాకు తియ్యలేదు, ఇవాళ తీస్తే ఆ రాత్రి నన్ను ఊరికే కూర్చోబెట్టినట్టు అంది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

రాజుగారికి ఆశ్చర్యం వేసింది. నూకరాజా? నీకు శాలువా కప్పాం కదా, నెలనెలా భరణం తింటూ ఇంట్లో ఉండాల్సినవాడివి ఇక్కడేం చేస్తున్నావు అని అడిగారు. నూకరాజు తలుపుకి నుదురు ఆనించి అన్నాడు.

"భరణం ఒక్క గింజ రాలేదు మహారాజా. ఆకలి లేదని రోజూ మా కోడలికి అబద్ధం చెబుతున్నాను."

రాజుగారు భద్రయ్య వైపు తిరిగారు. ఇతను కొలువులో ఉన్నాడా లేడా అని అడిగారు. ఉన్నాడంటే జీతమేదీ అంటారు, లేడంటే భరణమేదీ అంటారు. భద్రయ్య నమిలాడు, మింగాడు, ముద్ర పడలేదు మహాప్రభో అన్నాడు. రాజుగారు గుర్రం దిగి, ఆ మట్టిలోనే కూర్చున్నారు. కట్టడి కట్టడే, తాళంచెవి లోపల ఉంది, నువ్వూ కూర్చో అన్నారు. తెల్లార్లూ ఇద్దరికీ ఖాళీ కడుపు, దోమలు. మా భద్రయ్యకి జన్మలో మొదటిసారి ఆకలంటే ఏంటో తెలిసింది. తెలియాలి. ఇంకా తెలియాలి.

పొద్దున్న తలుపు తీశాక రాజుగారు ఇంటికి కూడా వెళ్ళలేదు. తిన్నగా కొఠారుకి నడిచారు. అన్ని నెలల బియ్యమూ, బస్తా తర్వాత బస్తా, బంట్ల చేత కాదు, భద్రయ్య నెత్తిమీద పెట్టి నూకరాజు ఇంటికి మోయించారు. మెట్లెక్కి, మెట్లు దిగి, ఎండలో. అప్పుడే తాళంచెవి కూడా జమ అయింది, కొత్త కావలివాడూ వచ్చాడు, ముద్రా పడింది. ఒక్క పూటలో! అంటే ఆ పనికి పట్టేది అంతేనన్నమాట. ఆ పైన రాజుగారు ఇంకో కట్టడి పెట్టారు. కొలువు మానిన ముసలివాళ్ళ ఇళ్ళకి బియ్యం చేరిందని కబురు వచ్చేదాకా కొఠారు పెత్తందారు ఇంట్లో కంచం పెట్టకూడదు. అదిగో, నీతి కావాలంటే అదే. పెట్టేవాడికి ఆకలేస్తేనే పెడతాడు.

ఆ మధ్యాహ్నం గవరమ్మ పప్పు వండింది, పులుసు పెట్టింది, మజ్జిగ చిలికింది. నూకరాజు తినడం అయిపోయి, అలవాటుగా కంచానికి చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగాడు. చెయ్యి తీసేసి, కంచం ముందుకి జరిపాడు. అమ్మా, మారు వడ్డించు అన్నాడు. గవరమ్మ వడ్డించింది. అందరూ సంతోషంగా ఉన్నారు. భద్రయ్యా? వాడి సంతోషం నాకెందుకే?

పండూ? లల్లీ? పడుకున్నారూ?

ఊ కొడుతోందెవరు మరి?

మీరా. ఇందాకట్నించీ వింటున్నారా గోడవైపు తిరిగి? ఇవాళ పింఛను ఆఫీసులో ఏమన్నారో చెప్పక్కర్లేదు, మీ చెప్పులు చూస్తే తెలిసింది. రేపు నేనూ వస్తాను మీతో. ఆ ఆఫీసరు కుర్చీ ముందు నేను కూర్చుంటాను, చూద్దాం ఎవరు లేపుతారో. ముందు మీరు లేవండి. సగం అన్నం వదిలేసి ఆకలి లేదంటే నమ్మడానికి నేనేం వెర్రిదాన్నా? కథ కంచికి వెళ్ళిపోయింది, మీరు కంచం దగ్గరికి రండి.