కుక్క తల పక్కకి వాల్చి ఎందుకు వింటుంది?

ఒకప్పుడు కుక్కలు మాట్లాడేవి. మీరూ నేనూ మాట్లాడినట్టే. "ఆకలేస్తాంది" అనేవి. "కాల్లో ముల్లు గుచ్చుకుంది, తియ్యి" అనేవి. "పాలు నేను తాగలేదు, పిల్లి తాగింది" అని మూతికి మీగడ పెట్టుకుని అబద్ధాలు కూడా చెప్పేవి.

కుక్కలకి ఇంకో గొప్ప కూడా ఉండేది. గాలి మాట, మేక మాట, వాన మాట వాటికి తెలిసేవి. మనుషులకి అవేవీ తెలిసేవి కావు. అందుకే గాలి ఏదైనా కబురు పంపాలనుకుంటే కుక్క చెవిలో వేసేది. కుక్క పరుగెత్తుకొచ్చి మనిషికి చెప్పేది.

ఆ కాలంలో ఒక రాళ్ళగుట్ట కింద హనుమక్క అనే మేకల కాపరి ఉండేది. ఆమెకి పిల్లాజెల్లా లేరు. గుట్టకి ఒక పక్కన ఆమె గుడిసె, మేకల దొడ్డి. ఇంకో పక్కన ఒక వంక. వానలు పడితేనే అందులో నీళ్ళు పారేవి. మిగతా రోజుల్లో అంతా ఎండిన ఇసుకే.

ఒక సాయంత్రం మేకలు ఇంటికొస్తుంటే వాటి కాళ్ళ మధ్య ఒక నల్లటి కుక్కపిల్ల కూడా వచ్చింది.

"ఎవురే నువ్వు?" అంది హనుమక్క.

"తెలీదు. ఆకలేస్తాంది" అంది కుక్కపిల్ల.

హనుమక్క తన రాగిసంగటిలో ఒక ముక్క తుంచి పెట్టింది. గుటుక్కున మింగి, "ఇంకా" అంది. ఇంకో ముక్క పెట్టింది. అదీ మింగి, "సరే, నేనిక్కడే ఉంటాలే" అంది. ఉండమని దాన్ని ఎవరూ అడగలేదు మరి!

నల్లగా ఉంది, పొద్దస్తమానం చెవి దగ్గర రొద పెడుతూనే ఉంది. అందుకని హనుమక్క దానికి తుమ్మెద అని పేరు పెట్టింది.

కుక్కతో కాపురం అంటే మాటలా? మర్నాడే హనుమక్క చెప్పుల్లో ఒకటి ముక్కలై కనిపించింది.

"చెప్పు ఎవురు కొరికినారే?"

"నేనే. శానా బాగుంది. రెండోది కూడా కొరకనా?"

అది పెరిగి పెద్దదైంది. హనుమక్క నీళ్ళు తెస్తుంటే ఎదురెళ్ళి, రెండు కాళ్ళూ ఆమె గుండెల మీద వేసి ఎగిరేది. కుండ ఒక పక్క, హనుమక్క ఒక పక్క పడేది.

"నువ్వొచ్చినావని సంతోషమమ్మా!"

"నీ సంతోషం పాడుగాను, నా మోచెయ్యి చూడే!" అని హనుమక్క కూర్చున్నచోటే నవ్వేది.

ఒకసారి మెడకి తాడు కట్టి గుట్ట మీదికి తీసుకెళ్ళింది. పొదలోంచి చెవులపిల్లి, అదే కుందేలు, తల బయటపెట్టి, "ఏయ్ నల్లదానా, నన్ను పట్టుకో చూద్దాం!" అంది. అంతే, తుమ్మెద దూసుకెళ్ళింది. తాడు పట్టుకున్న హనుమక్కని కూడా తన వెనకాల రాళ్ళ మీద ఈడ్చుకుపోయింది. ఆమె మోకాళ్ళు రెండూ కమిలిపోయాయి.

ఇంక దీనికి నేర్పక తప్పదు అనుకుంది హనుమక్క.

ఆమె కొట్టే మనిషి కాదు. ఓర్పు ఉన్న మనిషి. సంగటి ముక్క చేతిలో పట్టుకుని ఎదురుగా కూర్చునేది.

"కూర్చో."

"ఎందుకు?"

"ఎందుకేంది, కూర్చో."

"కూర్చుంటే ఏమొస్తాది?"

"సంగటి వస్తాది."

తుమ్మెద టక్కున కూర్చుంది.

అలాగే 'నిలబడు' అంటే నిలబడటం నేర్చుకుంది. 'రా' అంటే రావడం నేర్చుకుంది. మీద పడి ఎగరకూడదని, చెప్పులు ముట్టకూడదని నేర్చుకుంది. చెదిరిన మేకలని చుట్టి తీసుకురావడం నేర్చుకుంది. ఒక్కో పని వచ్చినప్పుడల్లా ఇద్దరికీ పండగలా ఉండేది.

సాయంత్రం హనుమక్క గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే, తుమ్మెద ఆ కాళ్ళ మీద గడ్డం ఆనించి ఆ రోజు కబుర్లన్నీ చెప్పేది.

"పెద్ద మేకపోతు నిన్ను తిడతాందమ్మా. తుమ్మకొమ్మ దానికి అందకుండా కోసినావంట."

"ఔనా? రేపు దానికే ముందు కోసిస్తానని చెప్పు."

"గాలి చెప్పింది, రేపు వానంట. కట్టెలు లోపల పెట్టుకో."

ఎన్నో ఏళ్ళుగా ఆ గుమ్మంలో హనుమక్క ఒంటరిగా కూర్చునేది. ఇప్పుడు ఆమెకి సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఉండేది.

గుట్ట అవతల ఓబులమ్మ అనే ఆమె ఉండేది. హనుమక్కకి ఉన్న స్నేహితురాలు ఆమె ఒక్కతే. ఒకరోజు ఉప్పు కోసం వచ్చి గుమ్మంలో కూర్చుని చాలాసేపు మాట్లాడింది. తుమ్మెద వింటూ వింటూ మధ్యలో అంది:

"ఓబులమ్మత్తా, నువ్వు ఒకసారి కూర్చుంటే పొద్దు గుంకేదాకా లేవవంట కదా? అమ్మ అంది మొన్న."

ఓబులమ్మ మొహం ఎర్రబడింది. ఉప్పు అక్కడే పెట్టేసి లేచింది. "అట్లనా అక్కా! మంచిది" అని వెళ్ళిపోయింది. చాలా రోజులు ఆ పక్కకే రాలేదు.

"నేను అబద్ధం చెప్పలేదే!" అంది తుమ్మెద.

"నోరు ముయ్యి" అంది హనుమక్క. ఆమెకి సిగ్గూ కోపమూ ముంచుకొచ్చాయి.

మర్నాటి నుంచి హనుమక్క కొత్త పాఠం మొదలుపెట్టింది. తుమ్మెద మాట్లాడితే చాలు, మొహం అవతలికి తిప్పుకునేది. ఊరుకుంటే సంగటి ముక్క పెట్టి, తల నిమిరేది.

"అమ్మా, ఏమైంది? కోపమా?" అని అడిగేది తుమ్మెద.

హనుమక్క మొహం తిప్పుకునేది.

"నేనేం చేసినా?"

మళ్ళీ అవతలికి తిప్పుకునేది.

తుమ్మెద తెల్లబోయి ఊరుకునేది. వెంటనే సంగటి ముక్క వచ్చేది. తలమీద చెయ్యి పడేది.

అమ్మ మొహం తనవైపు ఉండాలంటే మాట్లాడకూడదు. తుమ్మెదకి అర్థమైంది. మాట గొంతుదాకా వచ్చేది, మింగేసేది. ఇంకో మాట వచ్చేది, దాన్నీ మింగేసేది. అమ్మంటే దానికి ప్రాణం. అందుకే ఈ పాఠం అన్నిటికంటే బాగా నేర్చుకుంది.

హనుమక్క వెళ్ళి బతిమాలితే ఓబులమ్మ మళ్ళీ వచ్చింది. తుమ్మెద ఒక మూల నోరు మెదపకుండా కూర్చుంది. ఓబులమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"అబ్బ, ఎంత బుద్ధి వచ్చింది దీనికి! మా ఇంటి కుక్క ఎర్రదానికి కూడా నేర్పక్కా. పక్కింటోళ్ళ గుట్టంతా ఊరికి చాటుతాంది."

హనుమక్క నేర్పింది. ఆ సంగతి విని పక్క పల్లెలవాళ్ళూ తమ కుక్కలని తీసుకొచ్చారు. ఒకరి కుక్క, వాళ్ళు దొంగతనంగా తిన్న బెల్లం సంగతి చెప్పేసింది. ఇంకొకరి కుక్క అత్త మాట కోడలికి మోసింది. అందరికీ నోరులేని కుక్కలే కావాలి. హనుమక్క అన్నిటికీ నేర్పింది. అందరూ మెచ్చుకుంటుంటే ఆమెకి గర్వంగానే ఉండేది.

ఇల్లు నిశ్శబ్దమైంది. మొదట్లో హాయిగా అనిపించింది. తర్వాత ఒక సాయంత్రం గుమ్మంలో కూర్చుని ఆమే అడిగింది:

"ఏమే, పెద్ద పోతు ఏమంటాంది ఈ పొద్దు?"

తుమ్మెద ఆమె మొహంలోకి చూసింది. తర్వాత ఆమె చేతికేసి చూసింది. ఇది కూడా పాఠమే అనుకుంది. కదలకుండా, మెదలకుండా కూర్చుంది.

హనుమక్క నిట్టూర్చి, అలవాటుగా ఒక సంగటి ముక్క పెట్టింది.

తర్వాత ఎండలు మండే రోజుల్లో ఒక మధ్యాహ్నం హనుమక్క మేకలని వంక దగ్గరికి తోలుకెళ్ళింది. పెద్ద మేకలు గట్టు మీద పొదలు మేస్తున్నాయి. ఇంకా సరిగా నడవలేని పిల్లలని గంపలో పెట్టి తెచ్చింది. వంకలో కానుగ చెట్టు నీడన, చల్లని ఇసుకలో గంప దించి, పక్కనే నడుం వాల్చింది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

అప్పుడు గాలి రొప్పుతూ వచ్చింది.

"తుమ్మెదా! పైన కొండల్లో కుండపోత! వంక గట్లు తెంచుకుని వస్తాంది. మీ అమ్మకి చెప్పు, తొందరగా!"

గట్టు మీద పెద్ద పోతు కూడా అరిచింది: "పిల్లలు కింద ఉన్నారు! చెప్పు, చెప్పు!"

తుమ్మెద హనుమక్క దగ్గరికి ఉరికింది. నోరు తెరిచింది. 'అమ్మా, నీళ్ళు' అనబోయింది.

"భౌ!"

ఆ చప్పుడు విని తుమ్మెదే ఉలిక్కిపడింది. మళ్ళీ ప్రయత్నించింది. "భౌ! భౌ!" మాట ఎక్కడుందో దానికి దొరకలేదు.

హనుమక్క కళ్ళు తెరవకుండానే మొహం అవతలికి తిప్పుకుంది.

తుమ్మెద అటువైపు పరుగెత్తింది. హనుమక్క ఇటు తిప్పుకుంది. తుమ్మెద ఆమె చీర చెంగు నోట కరచుకుని లాగింది. చెంగు పర్రున చిరిగింది.

"ఛీ! ఏం పుట్టిందే నీకు!"

హనుమక్క లేచి చేతికర్రతో ఒక్కటి వేసింది. అంతకుముందు ఎప్పుడూ ఆమె దాన్ని కొట్టలేదు. తుమ్మెద కుయ్యిమంది. కానీ పారిపోలేదు. గట్టువైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి మళ్ళీ అరిచింది.

"నిలబడు!" అంది హనుమక్క.

ఎప్పుడూ ఆ మాట జవదాటని కుక్క నిలబడలేదు. గట్టెక్కి అరుస్తూనే ఉంది. హనుమక్కకి ఒళ్ళు మండిపోయింది. కర్ర ఎత్తుకుని దాని వెనకాలే గట్టెక్కింది.

అప్పుడు ఆమె వెనక పెద్ద చప్పుడైంది.

తిరిగి చూస్తే వంక నిండా ఎర్రటి నీళ్ళు. చెట్లూ కంపలూ దొర్లుకుంటూ వస్తున్నాయి. కానుగ చెట్టు సగందాకా మునిగిపోయింది. మేకపిల్లల గంప ఒక్కసారి పైకి తేలింది. లోపల్నుంచి పిల్లలు సన్నగా అరిచాయి.

హనుమక్క కేక పెట్టేలోగానే తుమ్మెద నీళ్ళలోకి దూకింది. నల్లటి తల ఒకచోట కనిపించింది, మునిగింది, ఇంకాస్త దూరంలో కనిపించింది. ఆ తర్వాత గంపా కనిపించలేదు, కుక్కా కనిపించలేదు.

పొద్దు వాలేవేళకి తుమ్మెద కుంటుకుంటూ తిరిగొచ్చింది. ఒళ్ళంతా బురద. నోట్లో ఏమీ లేదు. అది హనుమక్క దగ్గరికి రాలేదు. దూరంగా ఆగి, నేలకి ఆనుకుని పడుకుంది. నోరెత్తకూడదని నేర్పితే అరిచింది. నిలబడమంటే నిలబడలేదు. చీర చింపింది. ఇంక దెబ్బలు తప్పవనుకుంది.

హనుమక్క తన చేతిలో ఇంకా కర్ర ఉందని అప్పుడే చూసుకుంది. దాన్ని నీళ్ళలోకి విసిరేసింది. వెళ్ళి తుమ్మెద తలని ఒళ్ళో పెట్టుకుంది.

"ఒక్క మాట చెప్పుంటే గంప తెచ్చుకునేదాన్ని కదే. ఎందుకు చెప్పలే..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకు చెప్పలేదో ఆమెకి తెలుసు. ఇంకెవరికి తెలుస్తుంది?

గట్టు మీద తల్లిమేకలు అరుస్తున్నాయి. "ఏమంటాండారే వాళ్ళు?" అని అడిగింది హనుమక్క. తుమ్మెద ఆమె కళ్ళలోకి చూసింది. దానికి తెలుసు. కానీ చెప్పలేకపోయింది.

మర్నాటి నుంచి హనుమక్క మళ్ళీ ఎదురుగా కూర్చుంది. చేతిలో సంగటి ముక్క పెట్టుకుంది.

"అమ్మ అను. ఒక్కసారి అను తల్లీ."

తుమ్మెద ఆమె నోటికేసి చూసింది. ఆ చప్పుడు తనకి బాగా తెలిసినదే అనిపించింది. తల కుడిపక్కకి వాల్చి వింది. దొరకలేదు. ఎడమపక్కకి వాల్చి వింది. చెవులు రిక్కించింది. గొంతులో ఏదో గురగురమంది. అంతకుమించి రాలేదు.

ఓబులమ్మ కూడా తన ఎర్రదాన్ని తీసుకొచ్చి పక్కన కూర్చుంది.

"అంతా నా వల్లే అక్కా. ఆ రోజు అలిగి పోకుండా ఉంటే సరిపోయేది."

"నువ్వు అలిగినావంతే. నేర్పింది నేను" అంది హనుమక్క.

ఇద్దరూ కలిసి చెప్పారు. పల్లెల్లో మిగతావాళ్ళూ తమ కుక్కలకి చెప్పి చూశారు. ఒక్క కుక్కకీ మాట రాలేదు.

ఒక సాయంత్రం గాలి గుడిసె చుట్టూ తిరిగి, తుమ్మెద చెవిలో అడిగింది: "ఆమెతో ఎందుకు మాట్లాడవు? అంతగా అడుగుతాంది కదా."

"మాట్లాడాలనే ఉంది" అంది తుమ్మెద, గాలి భాషలో. "ఆమె కోసమే మింగేసినా అన్నీ. ఎంత లోపలికి పోయినాయో ఇప్పుడు నాకే తెలీదు."

హనుమక్కకి గాలి వీచిన చప్పుడు మాత్రమే వినిపించింది.

ఆ తర్వాత హనుమక్క దాని నుంచి ఎప్పుడూ మొహం తిప్పుకోలేదు. తుమ్మెదకి పిల్లలు పుట్టాయి. దాని మూతి దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. అయినా రోజూ సాయంత్రం ఆమె దానితో మాట్లాడుతూనే ఉండేది. మాట్లాడినప్పుడల్లా అది తల వాల్చి వినేది. తల్లిని చూసి పిల్లలూ వాల్చేవి. ఎర్రదాని పిల్లలూ అంతే.

అప్పటినుంచే, మనం ఏదైనా చెబుతుంటే కుక్క మన నోటికేసి చూస్తూ, తల ఒకసారి ఇటు, ఒకసారి అటు వాల్చి వింటుంది. పోయిన మాట మన మాటల్లో ఎక్కడైనా దొరుకుతుందేమోనని అది ఈనాటికీ వెతుక్కుంటూనే ఉంది.