పెద్ద లెన్సు చేతులు మారిన పొద్దు

చెంగల్రాయుడు మాస్టారు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. "రేపు పడవెక్కుదాం రా" అంటారు, అంతే. సూళ్ళూరుపేటలో నలభై ఏళ్ళు ఫొటో స్టూడియో నడిపి, పెళ్ళివాళ్ళనూ పాస్‌పోర్టు మొహాలనూ తీసి తీసి విసిగి, చివరికి పులికాట్ సరస్సు మీద పక్షుల వెంట పడ్డ మనిషి. జవాబు కోసం ఆయన దగ్గరికి వెళ్ళినవాళ్ళు మోకాళ్ళ దాకా బురద, ఒంటి నిండా ఉప్పు పూసుకుని తిరిగొస్తారు. జవాబు దొరికిందా అంటే కొందరికి దొరుకుతుంది, కొందరికి జలుబు చేస్తుంది.

సుభాషిణి ఆయన శిష్యురాలు. వయసు ముప్ఫై ఎనిమిది, ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతుంది. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం ఆయనతో సరస్సు మీదికి వెళుతోంది. ఆమె తీసిన ఫొటోలు ఎక్కడో చూసి, పక్షుల మీద పుస్తకం వేస్తున్న ఒక సంస్థవాళ్ళు ఉత్తరం రాశారు. నాలుగు నెలలు ఒక దీవిలో ఉండి, సంచి ముక్కు గూడబాతులు గూడు కట్టడం మొదలు పిల్లలు ఎగిరిపోయేదాకా అన్నీ ఫొటోలు తీయాలి. వసతి ఒక్కరికే ఉంది కాబట్టి ఒంటరిగా రావాలి. సోమవారానికల్లా అవునో కాదో చెప్పాలి. వెళ్ళాలని ఆమెకు ప్రాణం కొట్టుకుంటోంది. భయమూ అంతే ఉంది. నాలుగు రోజులు ఆ ఉత్తరాన్ని బ్యాగులో పెట్టుకుని తిరిగి, శనివారం సాయంత్రం ఇక ఉండబట్టలేక మాస్టారింటికి వెళ్ళి అడిగేసింది.

"మాస్టారూ, మీరు పక్కన లేకుండా నా వల్ల అవుతుందంటారా? ఆ చేవ నాకు వచ్చిందో లేదో నాకెట్లా తెలుస్తుంది? మీరే చెప్పాలి. పొమ్మంటే పోతాను, వద్దంటే మానేస్తాను."

మాస్టారు ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలుచుకుంటున్నారు. నాలుగు గింజలు ఆమె చేతిలో పెట్టి, "రేపు కాస్త గాలి ఉండేట్టుంది. పెందలాడే రా" అన్నారు.

కథ ముందుకు పోయేముందు ఆయన లెన్సు సంగతి చెప్పుకోవాలి. మూరెడు పొడవు, నాలుగు కిలోల పైమాటే. దూరాన చుక్కలా కనబడే పిట్టను రెక్కల మీది చారలతో సహా దగ్గరికి తెచ్చి చూపిస్తుంది. దాని ముందు కెమెరా చిన్నపిల్ల. కొత్తగా వచ్చినవాళ్ళు చేసే తప్పు ఒకటే. కెమెరాకు పట్టుకోవడానికి వీలుగా పిడి ఉంది గదా అని దాన్నే పట్టుకుని మొత్తం పైకెత్తుతారు. బరువంతా రెండూ కలిసే ఆ సన్నటి కడియం మీద పడుతుంది. అది కొంచెం వంగిందా, ఇక ఆ లెన్సు మూల పడ్డట్టే. మొదటి రోజు సుభాషిణి కూడా అట్లాగే ఎత్తబోతే, "తోక పట్టుకుని ఆవును లేపుతావా తల్లీ" అన్నారు మాస్టారు. లెన్సు పొట్ట కింద ఒక లోహపు పాదం ఉంటుంది. మోసేటప్పుడు దాన్నే పట్టుకోవాలి, స్టాండుకు బిగిస్తే దాన్నే బిగించాలి. భుజానికి తగిలించుకునే పట్టీ కూడా లెన్సుకున్న చెవులకే కట్టాలి గానీ కెమెరాకు కాదు. కెమెరా మానాన కెమెరా దాని వెనకాల వస్తుంది. ఇవన్నీ ఇప్పుడు ఆమెను నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

ఒక్కటి మాత్రం రాలేదు. లెన్సు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారేటప్పుడు, పుచ్చుకునే మనిషి నోరు తెరిచి "వదలండి" అనాలి. ఆ మాట వినేదాకా ఇచ్చే మనిషి వదలకూడదు. ఇది మాస్టారు పెట్టిన కట్టుబాటు. ఆమెకేమో ఆ మాట గొంతు దాటి రాదు. పెద్దాయన, అందునా చదువు చెప్పిన గురువు, ఆయన మొహం మీదే వదలండి అని ఎట్లా అనడం? తల ఊపుతుంది, "ఆఁ" అంటుంది, మరీ అయితే "సరేనండీ" అంటుంది. ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నట్టు చూసి వదిలేవారు. గట్టి నేల మీద కాబట్టి ఇన్నాళ్ళూ జరిగిపోయింది. మర్యాద మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ నాలుగు కిలోల గాజుకు తల ఊపడం అర్థం కాదు.

ఆదివారం తెల్లవారేసరికి పడవ సరస్సు మధ్యకు చేరింది. పడవ నడిపే పోలయ్య వెనకాల గెడకర్ర వేస్తున్నాడు. మాస్టారు ఊక సంచి మీద లెన్సు ఆనించి కాసేపు ఫొటోలు తీశారు. ఫ్లెమింగోలు మేసుకుంటూ మేసుకుంటూ ఒక ఇసుక దిబ్బ అవతలికి పోయాయి. దిబ్బ మీదికి దిగితే ఎదురుగానే ఉంటాయి. పోలయ్య పడవను దిబ్బకు చేర్చి, గెడ బురదలో గుచ్చి పట్టుకున్నాడు. సుభాషిణి ముందు దిగి, గట్టి చోటు చూసి మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టింది. ఒక్కో కాలూ నొక్కి చూసుకుని నీటి అంచుకు వచ్చి చేతులు చాపింది. మాస్టారు భుజం మీది పట్టీ తీసేసి, పడవ అంచున ముందుకు వంగి లెన్సు అందించారు. ఆమె ఒక చేత్తో పాదం, ఇంకో చేత్తో పొట్ట పట్టుకుని తల ఊపింది.

మాస్టారు వదల్లేదు.

ఆమె మళ్ళీ ఊపింది. ఆయన చూపు ఎక్కడో పక్షుల మీద ఉంది. "సరేనండీ" అంది. ఆయనకు చెవుడు వచ్చినట్టుంది. "మీ ఇష్టం మాస్టారూ" అంది. ఆ మాటకు మాత్రం ఆయన కనుబొమలు పైకి లేచాయి గానీ చేతులు కదల్లేదు.

ఇంతలో గాలి తోసి పడవ జానెడు వెనక్కి జరిగింది. పోలయ్యకు ఇదేం బాగోతమో అంతు పట్టలేదు. "ఏందయ్యా మీరిద్దరూ? ఇస్తే ఇయ్యండి, లేకుంటే లోపల పెట్టుకోండి. గెడ నిలవడంలా, పడవ జారతా ఉండాది" అన్నాడు. నిజంగానే జారుతోంది. పడవకూ దిబ్బకూ నడుమ నీళ్ళు మూరెడయ్యాయి. మాస్టారి నడుము అంచు మీద సగానికి వంగిపోయింది. కింద ఉప్పునీళ్ళు. అందులో ఒక్కసారి మునిగిందంటే ఆ గాజు ఇక ఎందుకూ పనికిరాదు. దాంతోపాటు డెబ్బై రెండేళ్ళ మనిషి కూడా పడేట్టున్నారు. సుభాషిణికి ఎటూ పాలుపోలేదు. ఆయన వదిలేస్తే ఆ బరువంతా ఒక్కసారిగా తన మీద పడుతుంది, ఆపగలదో లేదో. వదలకపోతే ఆయనే నీళ్ళలో పడతారు. ఏడుపొచ్చినంత పనైంది. ఇంత పెద్దవాడు, ఎప్పుడు వదలాలో ఈయనకు తెలియదా, ఈయనే చూసుకోవచ్చు గదా అని మనసులో తిట్టుకుంది కూడా.

"మాస్టారూ, పడతారు" అంది.

"పడతాను" అన్నారాయన తీరిగ్గా. "నీ చేతుల సంగతి నన్నడిగితే ఎట్లాగమ్మా? అవి నీ చేతులు."

సుభాషిణి కాళ్ళు ఎడంగా పెట్టి మడమలు ఇసుకలో దించింది. మోచేతులు పక్కటెముకలకు ఆనించుకుంది. ఒకసారి ఊపిరి పీల్చుకుని, "వదలండి" అంది. గట్టిగా ఏమీ అరవలేదు. క్లాసులో పిల్లల్ని కూర్చోమన్నట్టు అంది.

ఆయన వదిలారు.

ఆమె పళ్ళు బిగబట్టి బరువు కోసం కాచుకుంది. బరువు రాలేదు. లెన్సు వెంట్రుకవాసి కూడా కిందికి దిగలేదు. చేతుల్లో ఇందాకటి నొప్పే, పిసరంత కూడా ఎక్కువ కాలేదు. ఆమె బిత్తరపోయి మాస్టారి చేతుల వంక చూసింది. ఇంతసేపూ ఆయన వేలికొసలు మాత్రమే దానికి తగులుతున్నాయని అప్పుడు తెలిసింది. బహుశా ఆమె మొదటిసారి తల ఊపినప్పటి నుంచే.

పోలయ్య ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగి కూర్చోబెట్టి, గొణుక్కుంటూ పడవను మళ్ళీ దిబ్బకు చేర్చాడు. సుభాషిణి లెన్సును స్టాండు మీద పెట్టి, పాదం బిగించి, ఒకసారి కదిపి చూసి, అప్పుడు గానీ చేతులు తీయలేదు. ఎదురుగా పక్షులు ఎండలో మెరుస్తున్నాయి. ఆమెకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. నాలుగు రోజుల తరవాత మనసు హాయిగా ఉంది.

"బరువేం పెరగలేదు మాస్టారూ" అంది.

మాస్టారు నడుము మీద చెయ్యి వేసుకుని, మూలుగుతూ దిబ్బ మీదికి దిగారు.

"మరి ఇంతసేపూ నన్నెందుకమ్మా వంగోబెట్టావు?" అన్నారు.