కణుపు మిగిలిన ధనుస్సు

పూర్వం ద్వాపరయుగం తొలినాళ్లలో, ప్రజలను కన్నబిడ్డల్లా ఏలుతున్న భద్రకేతు మహారాజుపై ధూమ్రదంష్ట్రుడనే రాక్షసుడు దండెత్తి వచ్చి, పౌర్ణమినాటికి నగరాన్ని మింగివేస్తానని చాటాడు. మామూలు బాణాలు వాడి చర్మాన్ని తాకి రాలిపోతుండగా, రాజు విండ్లు చెక్కడంలో సాటిలేని సుతక్షుడిని రప్పించి, బలశాలి మాత్రమే వంచగల బరువైన ధనుస్సు చేయమన్నాడు.

సుతక్షుడు వంశాచారం తప్పకుండా అడవికి వెళ్లి, ధన్వన వృక్షానికి ప్రదక్షిణం చేసి అనుమతి కోరగా, అందులో నివసించే యక్షిణి కొమ్మల నడుమ నుంచి పలికింది.

"నరుకు నాయనా. బెరడు కింద మొదట కనిపించే పొర నేను నిరుడు పెంచుకున్నది. అదే విల్లుకు వీపు, బయటి వైపు. దాన్ని దాటి నా గడచిన ఏళ్లలోకి చేయి పెట్టకు."

అలాగేనని మొక్కి, కర్ర నరికి ఇంటికి తెచ్చాడు. కానీ బెరడు తీయగా ఆ పొరమీద వేలెడు కణుపు కనిపించింది. మచ్చ ఉన్న విల్లు అతని చేతి నుంచి ఏనాడూ వెళ్లలేదు. ఒక్క పొరే కదా అనుకుని లేపేశాడు. చెక్కలో ఎవరో ఊపిరి లోపలికి లాగినట్టయింది. కణుపు మాత్రం అక్కడే ఉంది.

మరునాటి ఉదయం, ఏడేళ్ల కూతురు ఇందులేఖ ఊడదీసి మట్టిలో పాతిన పాలపన్ను తిరిగి ఆమె నోట్లో ఉంది.

"పిల్ల పొట్టిదవుతోందండీ," అన్నది భార్య కుముద్వతి.

"నీ కళ్లకు నలత," అన్నాడు సుతక్షుడు.

రాజదూత వచ్చి నవ్వాడు. "విల్లు చెక్కుతున్నావా సుతక్షా, అద్దం నూరుతున్నావా? నునుపు చూసి రాక్షసుడు మూర్ఛపోతాడనుకున్నావా?"

ఆ మాట గుచ్చుకోగా, అతడు మరో పొర, మరో పొర తీస్తూ పోయాడు. ఇందులేఖ మాటలు ముద్దమాటలయ్యాయి. తర్వాత గోడ పట్టుకుని నడిచింది. ఆరో పొర లేచిన పూట ఉయ్యాలలో ఉంది. నేలమీది చెక్కపేళ్లు పసిపిల్ల తలలా వాసన వేస్తున్నాయి.

కుముద్వతి బిడ్డను తెచ్చి బాడిసె ముందు కూర్చుంది. "ఇంకొక్కటి తీస్తే నా ఒళ్లో ఏం మిగులుతుంది? చెప్పి మరీ తీయండి."

అతని చేయి ఆగింది. ఆ కర్రకు సాష్టాంగపడి, "తల్లీ, నా పేరు కోసం నీ ఏళ్లు చెక్కేశాను. నా ప్రాణం తీసుకో, బిడ్డను వదులు," అని ఏడ్చాడు.

"ఆ కణుపు, కొమ్మ విరిగినచోట నేను మాన్పుకున్న గాయం," అన్నది యక్షిణి. "దాన్నెందుకు అంత ఏవగించుకున్నావు? దాని చుట్టూ కర్ర దళసరిగా వదిలి, వంచి చూడు."

అలాగే వదిలాడు. వీపు ముట్టకుండా, విల్లు రెండు కొమ్ములూ సమంగా వంగేదాకా లోపలి వైపే కొద్దికొద్దిగా గీస్తూ, వంచుతూ, నారి బిగించాడు. పౌర్ణమి ఉదయాన భద్రకేతుడు ఎక్కుపెట్టగా విల్లు స్త్రీకంఠంతో మూలిగింది గాని విరగలేదు. బాణం చర్మాన్ని చీల్చుకుపోగా రాక్షసుడు కొండలా కూలాడు.

యక్షిణి ప్రసన్నురాలై, "గడచిన ఏళ్లను బ్రహ్మ కూడా తిరిగి అతికించలేడు. నీ బిడ్డ మళ్లీ పెరుగుతుంది. తరిగిన ఆరేళ్లూ ఆమె ఆయుష్షు చివర చేరుస్తున్నాను," అని వరమిచ్చింది.

తండ్రి తప్పుకు పసిదాని ఏళ్లు పోవడం ఏ ధర్మమో పెద్దలు చెప్పలేదు. అడగాలనిపిస్తుంది, అడగడానికి భయమూ వేస్తుంది. ఇందులేఖ రెండోసారి "అమ్మా" అన్ననాడు కుముద్వతి మొదటిసారి విన్నట్టే విన్నదట. ఈ కథ శ్రద్ధగా విన్నవారి చేతిలోని పనిముట్టుకు ఎక్కడ ఆగాలో తెలియుగాక.