కోడిపుంజు సిఫారసు

గ్రీకు దేశంలో ఒక కొండపల్లె. ఇంకా తెల్లారలేదు. ఒలీవ చెట్టు కింద ఒక నక్క కోడిపుంజును ముందుకాళ్లతో అదిమిపట్టి లొట్టలేస్తోంది. నిన్నటి నుంచీ దాని కడుపు ఖాళీ.

"నక్క మావా, నన్ను తింటే ఒక్కపూటకి సరి. వదిలితే చావే లేని వరం ఇప్పిస్తా," అంది పుంజు గిలగిల్లాడుతూ.

"నీ మొహం! నీ మాట వినేదెవరు?"

"వేకువ దేవత. రోజూ ఆవిణ్ణి లేపేది నేనేగా! నేనడిగితే కాదనదు."

చెట్టుమీది కీచురాయి ఒక్కసారిగా గోల పెట్టింది. "వద్దు మావా, నా మాట విను! ఒకప్పుడు నేను టిథోనస్‌ని. ట్రాయ్ రాజుగారబ్బాయిని, మంచి అందగాణ్ణి. ఆ దేవతే నామీద మనసుపడి తీసుకెళ్లింది. ఆవిడకి చావు లేదు, మనిషిని కాబట్టి నాకుంది. అందుకని నాకూ చావు రాకూడదని దేవతల రాజుని అడిగింది. ఆయన సరేనన్నాడు. ముసలితనం రాకూడదని అడగడం మాత్రం మరిచిపోయింది! పళ్లూడాయి, నడుం వంగింది, ముడుచుకుని ముడుచుకుని ఇంతయ్యాను. చివరికి నా సణుగుడు భరించలేక ఇలా పురుగుని చేసింది."

నక్క పడీపడీ నవ్వింది. "వరం అడగడం కూడా రాదా మీకు? నన్ను చూసి నేర్చుకో. కుయ్యవోయ్ పుంజూ!"

పుంజు గొంతు చించుకుంది. తూర్పు ఎర్రబడింది. దేవత ఆవులిస్తూ వచ్చింది.

"ఇవాళ ఇంత తొందరేమిట్రా?"

"మావాడమ్మా, ఏదో వరం కావాలట."

దేవతకి మొహమాటం ఎక్కువ. "అడుగు నాయనా," అంది.

"దణ్ణం పెట్టు మావా! దేవతని ఊరికే అడుగుతారా ఎవరైనా?" అని పుంజు గొణిగింది.

నిజమే కదా అనుకుని నక్క వెనక్కాళ్లమీద నిలబడి ముందుకాళ్లు రెండూ జోడించింది. పుంజు ఒక్క ఉదుటున కొమ్మెక్కేసింది. పోతే పోనీ, చావు లేనివాడికి తొందరేముంది, తర్వాత పట్టుకోవచ్చులే అనుకుంది నక్క.

"తల్లీ, నాకు చావూ వద్దు, ముసలితనమూ వద్దు. ఈ నిమిషాన ఎలా ఉన్నానో ఎప్పటికీ అలాగే ఉండాలి. వెంట్రుకవాసి కూడా మారకూడదు!"

"అలాగే కానీ," అంది దేవత, దేవతల రాజుని మనసులో తలుచుకుని.

అంతే. జోడించిన కాళ్లు దిగలేదు. తోక ఆడలేదు. నోట్లో ఊరిన నీళ్లు ఊరినట్టే ఉన్నాయి. కడుపులో ఆకలీ అలాగే ఉంది.

ఎండెక్కాక గంప కింది పెట్టలన్నీ బయటికొచ్చి, నక్క ముక్కు ముందునుంచే మేతకి బయల్దేరాయి. ఒక ముసలి పెట్ట ఆగి, దాన్ని ఎగాదిగా చూసింది.

"ఎంత మర్యాదస్తుడమ్మా! కోళ్లకి దణ్ణం పెట్టే నక్కని ఇన్నాళ్లకి చూశాను."

పిల్లలూ, ఎదుటివాడి తప్పుకి నవ్వినంత మాత్రాన మన తప్పు మనకి కనపడదు.