అచ్చులో మిగిలిన కొసలు

భార్య ఆండాళు పోయాక మార్కండేయులు మగ్గం మీదున్న చీర ఒక్కటీ ముగించాడు. ఆ తర్వాత, నిలువు పోగులు దూర్చే దువ్వెనలాంటి అచ్చును మగ్గం నుంచి విప్పి అటకెక్కించాడు. అటకెక్కిన వస్తువు సంగతి అందరికీ తెలిసిందే, దించుదాం దించుదాం అంటూనే ఏళ్లు గడిచిపోతాయి.

మూడు నెలలకు గుట్ట మీద గుడిసెలో ఉండే ఎల్లదాసు దగ్గరికి వెళ్లాడు. ఎల్లదాసు ఒకప్పుడు నేతగాడే. ఇప్పుడు తత్వాలు చెప్పే గురువు.

"నేత వదిలేశాను స్వామీ. నన్నిక్కడే ఓ మూల ఉండనివ్వండి."

"ఉండు. ఆ అచ్చు పట్రా. నీకక్కర్లేదుగా, ఎవరికైనా ఇచ్చేద్దాం."

మర్నాడు మార్కండేయులు దాన్ని ఆండాళు పాత చీరలో చుట్టి తెచ్చాడు. ఎల్లదాసు విప్పి చూశాడు. అచ్చు పళ్ల సందుల్లో జానెడు పొడవు దారాలు చిక్కుపడకుండా కుచ్చులు కుచ్చులుగా ముడివేసి ఉన్నాయి.

పడుగు, అంటే మగ్గం మీది నిలువు దారాలు, అయిపోయినా నేతగాళ్లు ఆ కొసలు తెంపరు. కొత్త పడుగు వచ్చాక ఒక్కో పోగునూ వాటికే అతుకుతారు. ఒకరు ఎదురుగా కూర్చుని పోగందిస్తే, రెండోవారు వేళ్లకు బూడిద రాసుకుని మెలేస్తారు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో అందించింది ఆండాళే.

ఎల్లదాసు కత్తెర తీశాడు. "కొసలు కత్తిరించి ఇద్దాం."

మార్కండేయులు చప్పున అచ్చు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు స్వామీ!"

"ఏం? వదిలేశానన్నావుగా?"

"ఇవన్నీ అది అందించిన పోగులు." అతను ఒక కుచ్చును వేళ్లతో నిమిరాడు. "ఇంట్లో పలకరించే దిక్కు లేదు స్వామీ. మళ్లీ అతుకుదామంటే ఎదురుగా కూర్చునేదెవరు?"

ఎల్లదాసు కత్తెర పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు. దీపం వత్తులకని దాచుకున్న నూలుండ తెచ్చి, అచ్చుకు అవతలివైపు కూర్చున్నాడు. ఒక పోగు లాగి, ముందుకు చాపాడు.

ముసలి చెయ్యి. మార్కండేయులు దానికేసి చూస్తూ ఉండిపోయాడు.

"చెయ్యి లాగేస్తోందిరా," అన్నాడు ఎల్లదాసు.

మార్కండేయులు పొయ్యి దగ్గరికి జరిగి, వేళ్లకు బూడిద రాసుకున్నాడు.